డెవలప్‌మెంటు బోర్డులు - విద్యుత్ప్రవాహపు హద్దులు

2016వ సంవత్సరము మొదలు మన దేశమునందలి పాఠశాలలలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు నెలకొల్పబడుచున్నవి. ఆర్డుయినో మొదలగు చిన్న బోర్డులు బాలబాలికల చేతికి వచ్చుట మిక్కిలి సంతోషింపదగినది. కాని వీని వాడుకయందు రెండు విపరీతములు మాకు కానవచ్చుచున్నవి. కొన్నిచోట్ల బోర్డు కాలిపోవునను భయముచే దానిని బీరువాలో నుంచి తాళము వేయుదురు. మఱికొన్నిచోట్ల ఏ తీగ నెచ్చట తగిలించినను సరియే యని విడిచిపెట్టుదురు. ఈ రెండును తగవని మా యభిప్రాయము. ప్రోగ్రాము వ్రాయుట నేర్పుటకు ముందే కనెక్టరు హద్దులను నేర్పవలయును.

ఆర్డుయినో ఉనో బోర్డునందలి ఏటీమెగా 328పి యను చిప్పును గైకొందము. దాని తయారీదారుల పత్రమునందు ఒక్కొక్క పిన్నునకు 40 మిల్లీ ఆంపియర్లు గరిష్ఠమని యున్నది. పెక్కుమంది యిది చూచి, అంతవఱకు నిశ్చింతగా వాడవచ్చునని తలంతురు. నూతి పిట్టగోడపై కూర్చుండవచ్చును గదా యని యెవ్వరైన నందుపై నిద్రింతురా? ఆ సంఖ్య దాటినచో చిప్పు చెడునని చెప్పు హద్దది. నిత్యము వాడుటకు 20 మిల్లీ ఆంపియర్లే క్షేమము. ఇంతటితో తీరలేదు. చిప్పు మొత్తమునకు 200 మిల్లీ ఆంపియర్ల హద్దు వేఱుగా నున్నది. ఉనో యందలి 14 డిజిటల్ పిన్నులను ఒక్కొక్కటి 20 చొప్పున నడపినచో మొత్తము 280 యగును. ఏ యొక్క పిన్నును చూచినను తప్పు కనబడదు, చిప్పు మాత్రము హద్దు దాటినది! ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపమునకు 220 ఓముల నిరోధకము చేర్చినచో ప్రవాహము సుమారు 14 మిల్లీ ఆంపియర్లకు మించదు. మోటారును పిన్నునకు నేరుగా తగిలించుట యెంతమాత్రము కూడదు. ట్రాన్సిస్టరును, ప్రత్యేకమగు విద్యుత్సరఫరాయును వలయును.

రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఇంతకంటె సుకుమారమైనది. దాని పిన్నులు 3.3 వోల్టులకే తగినవి, 5 వోల్టులను సహింపవు. అయినను కనెక్టరునందు 3.3 వోల్టుల పిన్నును, 5 వోల్టుల పిన్నును ప్రక్కప్రక్కనే యున్నవి. ఇట్టి యమరిక బాలురకు తగినది కాదని చెప్పుటకు మేము సంకోచింపము.

ఇక పుల్-అప్ నిరోధకముల సంగతి. వీనిని గూర్చి మన ప్రయోగశాలలలో చెప్పువారు తక్కువ. 1982లో ఫిలిప్స్ సంస్థవారు ఏర్పఱచిన ఐ2సీ పద్ధతియందు పరికరములు తీగను క్రిందికి లాగగలవేకాని పైకి నెట్టలేవు. పైకెత్తు పని నిరోధకముది. అది లేనిచో తీగ యే స్థితియందు నుండునో చెప్పలేము. చిప్పులోపలి పుల్-అప్పులు 20 నుండి 50 వేల ఓములవి. మీటకు చాలును గాని ఐ2సీకి బలహీనములు. అంతటి నిరోధకముతో తీగ మెల్లగా పైకి లేచును, సంకేతము చెడును.

ఎక్కువైనను చిక్కే. రాస్ప్‌బెర్రీ పై యందు ఈ తీగలకు 1,800 ఓముల నిరోధకములు ముందే యున్నవి. అంగడిలో దొరకు సెన్సారు పలకలు పెక్కింటిమీద 4,700 ఓములవి యుండును. అట్టి పలకలు మూడు చేర్చినచో అన్నియు సమాంతరములై సుమారు 840 ఓములే మిగులును. అప్పుడు తీగను క్రిందికి లాగు చిప్పు దాదాపు మూడున్నర మిల్లీ ఆంపియర్లు మ్రింగవలయును. సామాన్య వేగములందు నియమము 3 మాత్రమే. సంకేతము సరిగా దిగదు. పాపము, బాలుడు తన ప్రోగ్రామునందు తప్పు వెదకుచు పూటయంతయు గడపును! ఆ పలక 5 వోల్టులతో నడచునదై, దాని పుల్-అప్పు ఆ 5 వోల్టులకే కట్టబడియున్నచో రాస్ప్‌బెర్రీ పై పిన్నునకే ముప్పు.

సెన్సారు పలకలమ్మువారు తమ నిరోధకముల విలువను పలకపైననే ముద్రించుట న్యాయము. అంతవఱకు ఉపాధ్యాయులు ప్రతి బోర్డు పెట్టెపైనను పిన్ను హద్దు, మొత్తము హద్దు, వోల్టులు, పుల్-అప్పు విలువ వ్రాసిన చీటి నంటింపవలెనని కోరుచున్నాము. నిరోధకము వెల యెంత? బోర్డు కాలిననాడు మఱియొకటి కొనుటకు సొమ్ములేని పాఠశాలయందు, వరుసలో తరువాత నిలిచిన పిల్లవానికి ఆ యేడు వంతు రాదు. విద్యుత్తు నాపి, ఐ2సీ తీగకును 3.3 వోల్టుల పిన్నునకును నడుమ మల్టీమీటరుతో కొలిచి, వేయి ఓములకు తక్కువ వచ్చినచో ఒక పలకమీది పుల్-అప్పును తీసివేయుటకు అయిదు నిమిషములు చాలును.