గోదావరి గట్టున ఇద్దరం

ఈ వారం స్టూడియో కబుర్లకు సెలవు! పెళ్ళయి ఆరేళ్ళయినా శ్రీమతిని ఒక్క ఊరూ తిప్పలేదన్న అపవాదు మాపుకుందామని, మొన్న డిసెంబరులో మూడు రోజులు గోదావరి తీరానికి బయల్దేరాను. మీ దగ్గర దాపరికం దేనికి? నా సంచీలోకి బట్టలకంటే ముందు చేరింది సినిమా లొకేషన్ల జాబితా!

ఆదుర్తి సుబ్బారావు గారి 'మూగమనసులు' (1964) గుర్తుందిగా? కొత్త జంట పడవెక్కి గోదావరి మీద వెళుతుంటే పూర్వజన్మ గుర్తుకొస్తుంది. మాకు పూర్వజన్మ దాకా అక్కర్లేదు, పెళ్ళయిన కొత్త రోజులు గుర్తొస్తే చాలనుకున్నాను.

మొదటి రోజు రాజమండ్రి. సాయంత్రం పుష్కరఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళను మోసిన హేవలాక్ వంతెన, ఇప్పుడు ఏ బరువూ లేకుండా నీళ్ళలో నీడ చూసుకుంటోంది. "ఇక్కణ్ణించి షాట్ పెడితే సూర్యుడు సరిగ్గా ఆ రెండు స్తంభాల మధ్యకి వస్తాడు" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే అద్దె స్కూటరు మీద ధవళేశ్వరం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాకే గోదావరి డెల్టా దశ తిరిగింది. ఆ పాతదాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1982లో పూర్తయింది. మ్యూజియం చూసి బయటికి వస్తూ శ్రీమతి ఒక చురక వేసింది: "ఈయనే లేకపోతే మీ డ్యూయెట్లకి పచ్చని చేలెక్కడివండీ?"

నిజమే మరి!

గోదావరి దాటి కొవ్వూరు మీదుగా కుమారదేవం చేరాం. అక్కడి నిద్రగన్నేరు చెట్టుని ఊరూవాడా 'సినిమా చెట్టు' అనేవాళ్ళు. నూటయాభై ఏళ్ళ వృక్షం. ఎందరు హీరోహీరోయిన్లు దాని నీడలో పాడుకున్నారో లెక్కలేదు. 2024 ఆగస్టులో నేలకొరిగింది. వృక్షప్రేమికులు వైద్యం చేస్తే మోడు మళ్ళీ చిగుళ్ళు వేసింది. నేను ఫోను తీసి, పాత సినిమాలో ఫ్రేము పెట్టుకుని, "ఇదుగో, కెమెరా ఇక్కడే ఉండుంటుంది" అంటూ అటూ ఇటూ జరుగుతున్నాను. శ్రీమతి వంగి, ఆ లేత చిగురుని ఒక్క వేలితో తాకింది.

"మీరు కెమెరామన్ చూసిందే చూస్తున్నారండీ" అంది. అంతే. పట్టిసీమ రేవులో వీరభద్రుడి గుడికి లాంచీ ఎక్కేదాకా మా మధ్య మాటల్లేవు!

మూడో రోజు గండిపోచమ్మ గుడి దగ్గర పాపికొండల బోటెక్కాం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోర ప్రమాదం గుర్తుచేసుకుంటూ లైఫ్ జాకెట్ తాళ్ళు గట్టిగా బిగించుకున్నాం. బోటులో మైకు, పాటలు, కుర్రకారు డాన్సులు. బాపు-రమణల 'అందాల రాముడు' (1973), శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006)... రెండు కథలూ భద్రాచలం వైపు సాగింది ఈ నది మీదే కదా! నేను ఉత్సాహంగా ఒడ్లు గాలిస్తున్నాను.

దేవీపట్నం దగ్గరికొచ్చేసరికి శ్రీమతి లేచి రెయిలింగు పట్టుకుంది.

"మా మేనత్త వాళ్ళ రేవు ఎక్కడండీ?"

చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఆవిడకి ఇక్కడే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నా జాబితాలో రాసుకోలేదు. పోలవరం ప్రాజెక్టు పనుల్లో భాగంగా 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే వైపు మళ్ళించారు. కాఫర్ డ్యామ్ అడ్డుగా నిలిచాక వరదనీరు వెనక్కి తన్ని ఊళ్ళని ముంచింది. జనం పునరావాస కాలనీలకి తరలిపోయారు. మేనత్తా అంతే. ఆవిడ కొత్త ఇంటికి రేవు లేదు, కొళాయి ఉంది.

శ్రీమతి చెయ్యి చాపి ఒక చోటు చూపించింది. "అదేననుకుంటా... కాదేమో." మైకులో పాట మారింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. వాళ్ళని తప్పుపట్టలేను. అంతవరకు నేను చేసిందీ అదే!

ఫోను జేబులో పెట్టి పక్కన నిలబడ్డాను. మెట్లు ఎన్ని ఉండేవి, మేనత్త బిందె ఎక్కడ తోమేది, ఏ మెట్టు మీద తను జారిపడింది... అన్నీ అడిగాను. పేరంటపల్లి దాకా చెబుతూనే ఉంది. ఆరేళ్ళలో అంతసేపు నేను వినడం అదే మొదలట!

తిరుగు ప్రయాణంలో మేనత్త దగ్గరికి వెళ్ళాం. 'అందాల రాముడు' ఫోనులో పెట్టి చూపిస్తే ఆవిడ కథ పట్టించుకోలేదు. ఒడ్డు కనిపించినప్పుడల్లా "ఆపు నాయనా, ఆపు" అంది.

కుర్రమిత్రులారా! మీరూ లొకేషన్ల వేటకి వెళ్ళండి, సెల్ఫీలు దిగండి, నేనొద్దనను. కాకపోతే ఆ ఊరివాళ్ళెవరైనా కనిపిస్తే, షూటింగు ఎక్కడ జరిగిందన్నదొక్కటే అడక్కండి. మీ ఇల్లెక్కడండీ అని కూడా అడగండి.

వచ్చేవారం మళ్ళీ స్టూడియో కబుర్లు. సరేనా?