ఒరుల కలిమియు, మన బహుమానమును

బహుమతి ప్రదాన దినమున వేదికమీదికి పిలువబడువారు కొందరే. క్రింద కూర్చుండి చప్పట్లు కొట్టువారు పెక్కండ్రు. చేతులు చప్పట్లు కొట్టుచుండగా హృదయములో జరుగుచున్న దేమో దేవునికి తెలియును, మనకును తెలియును. “వాని తండ్రికి ధనమున్నది, మాకు లేదు. నేను ఒక్క ఆదివారమైనను ఆరాధన మానలేదు. వాడు గుడి గడప త్రొక్కలేదు. అయినను బహుమతి వానికే వచ్చెను.” ఈ తలంపు పిల్లలది మాత్రమే యని పెద్దలు నవ్వుకొనవలదు. పొరుగువాని మేడను చూచిన తండ్రికిని, తనకంటె చిన్నవాడు పైయుద్యోగమునకు పోవుట చూచిన ఉపాధ్యాయునికిని ఇది పాత చుట్టమే.

ఇట్టి తలంపు భక్తులకు రాదని వేదము చెప్పుటలేదు. 73వ కీర్తన ఆసాపు పేరిట నున్నది. ఆసాపు దేవుని సన్నిధిని పాడుటకు నియమింపబడిన గాయకుడు. అట్టివాడే గర్విష్ఠుల క్షేమమును చూచి అసూయపడితిననియు, తన కాలు జారుటకు కొంచెమే తక్కువయైనదనియు దాచక ఒప్పుకొనెను. పరిశుద్ధ స్థలములోనికి పోయిన తరువాత గాని అతనికి సంగతి బోధపడలేదు. అక్కడ వారి అంతము నతడు చూచెనని అందరును చెప్పుదురు. కాని కీర్తన అక్కడ ముగియలేదు. దేవుడే తన పాలు, దేవుని పొందే తనకు మేలు అని ఆసాపు కనుగొనెను. ఈ రెండవ భాగమును మనము తరచుగా చదువక విడుచుచున్నాము.

విడుచుటచే కలుగు నష్టము చిన్నది కాదు. “ఇప్పుడు వారు అనుభవింతురు గాక, రేపు పరలోకమున మేమనుభవింతుము, వారు చూతురు” అని ఓదార్చుకొనువారు కలరు. ఇది విశ్వాసము కాదనియు, అసూయనే వడ్డీకిచ్చుట యనియు మా యభిప్రాయము. మత్తయి సువార్త 20వ అధ్యాయములో ఉదయమునుండి పనిచేసిన కూలివారికి ఒప్పుకొన్న దేనారము ముట్టెను. కూలిలో ఒక కాసైనను తగ్గలేదు. అయినను సాయంకాలమున వచ్చినవానికిని అంతే ఇచ్చుట చూచి సణిగిరి. అసూయను విడువనివానికి పరలోకమే దొరికినను చాలదు.

మన తెలుగుదేశమున జరిగిన సంగతి నొకదానిని జ్ఞాపకము చేయుదుము. అమెరికా బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరిరి. అదే సంఘమువారి పని బర్మాలో వర్ధిల్లి, కరెను జాతివారు వేలకొలదిగా క్రీస్తునొద్దకు వచ్చుచుండిరి. నెల్లూరిలో చేరినవారు బహు కొద్దిమంది. పటముమీద బర్మాయందు అనేక నక్షత్రములును, తెలుగుదేశమందు ఒక్కటియు నుండుటచే దీనికి ‘ఒంటరి నక్షత్రము’ అను పేరు వచ్చెను. మిషనును మూసివేయుదమని స్వదేశమున ఒకమారు కాదు, పలుమారులు ఆలోచించిరి. బర్మాను చూచి నిట్టూర్చుటకు వీరికంటె ఎక్కువ కారణమెవరికి కలదు? అయినను 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జ్యూవెట్ దొరగారు, వారి సతీమణి, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, వెరసి ఐదుగురు, ఒంగోలు కొండ నెక్కి మోకాళ్లూనిరి. వారు ప్రార్థించినది తమ పేరుకొరకు కాదు, ఆ కొండ దిగువనున్న జనులకొరకు.

1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో క్లౌ దొరగారి మిషనునందు ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. డే దొరగారు అది చూడలేదు. 1871లోనే ప్రభువునందు నిద్రించిరి.

“చూచితిరా, తుదకు ఫలించెను” అని ఈ కథను ముగించుట సులభము. మేమట్లు ముగింపము. ఆ దినము రాకున్నను, డే దొరగారి ప్రయాసము దేవుని యెదుట ఒక వీసమైనను తక్కువ కాకపోవును. 2,222 అను సంఖ్య వారి బహుమానము కాదు. వారెవరిని సేవించిరో ఆయనయే వారి బహుమానము. ఆ బహుమానము పని ముగియువరకు ఆగినది కాదు. నెల్లూరి ఎండలోనే వారితో నుండెను.

ఇది బీదవారిని నోరు మూయించు బోధయని కొందరు శంకింతురు. అట్లు కాదు. కూలి బిగబట్టిన ధనవంతులను యాకోబు పత్రిక గద్దించుచున్నది. బీదలను త్రొక్కువారిని ఆమోసు ప్రవక్త గద్దించెను. అన్యాయమును ఎదిరించుట వేరు, అన్యుని మేలుకు కుములుట వేరు. మొదటిది పొరుగువానిమీది ప్రేమనుండి పుట్టును. రెండవది ఆ ప్రేమనే చంపును. మరియు, నిత్యమైనదానిని కోరువాడు పాఠము విడిచి కూర్చుండవచ్చునని విద్యార్థులు తలంపరాదు. ప్రభువునకై చదువువాడు మార్కులకై చదువువానికంటె తక్కువ చదువునా?

కావున, ప్రియ విద్యార్థులారా, తలిదండ్రులారా, వచ్చు బహుమతి దినమున మనకొక పరీక్ష కలదు. మన ప్రక్కవాని పేరు పిలువబడినప్పుడు, వానికొరకు ఒక్క నిమిషము దేవునికి స్తోత్రము చెప్పి, తరువాత చప్పట్లు కొట్టుదము. ఆ స్తోత్రము మొదట నోట పెగలక పోవచ్చును, ఆసాపునకును పెగలలేదు. అతడు పోయిన చోటికే మనమును పోవుదము. ఆ ద్వారము నేడును తెరువబడియున్నది.