చుక్క పెట్టడం మరిచిపోతే

క్లాండాల్కిన్‌కి వచ్చే చుట్టాలకి ఊరి మధ్యనున్న పాత రాతి గోపురం చూపిస్తాం. అక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేట్లు ఎవరూ చూడరు. నా ఉద్యోగం అలాంటి ఒక షెడ్డులోనే. సి.ఎన్.సి. మెషిన్లకి క్యామ్ ప్రోగ్రాములు రాస్తాను. "ఆ నూనె వాసనలో నీకేం పనమ్మా?" అని మా అత్తయ్యగారు ఫోన్‌లో ఇప్పటికీ అడుగుతారు. బాలానగర్ సి.ఐ.టి.డి.లో టూల్ డిజైన్ చదివి, ఇక్కడికొచ్చి సర్టిఫికెట్లు పెట్టెలో దాచేసిన వాళ్ళు మీలోనూ ఉంటారు కదా, అందుకే ఈ నెల ఈ సంగతి.

మా షాపులో 1990ల నాటి మిల్లింగ్ మెషిన్ ఒకటుంది, ఫ్యానక్ కంట్రోలర్‌ది. క్యామ్ సాఫ్ట్‌వేర్ కొత్తది వేశాక దాని పాత పోస్ట్ ప్రాసెసర్ పనికిరాకుండా పోయింది. యజమాని అమ్మేద్దామన్నాడు. దాన్ని నడిపే పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. ఆయనకి రిటైర్మెంట్ ఇంకా రెండేళ్ళుంది, చేసేది ఆ ఒక్క మెషిన్ మీదే. నేను వారం గడువు అడిగాను.

పోస్ట్ ప్రాసెసర్ అంటే దుబాసీ. కట్టర్ ఎటు వెళ్ళాలో క్యామ్ లెక్క కడుతుంది, దాన్ని మెషిన్‌కి అర్థమయ్యే జీ కోడ్‌గా మార్చేది ఇది. అన్నీ జీ కోడే అంటారు గానీ గోదావరి, రాయలసీమ, తెలంగాణల్లా ఒక్కో కంట్రోలర్‌కి ఒక్కో యాస. పాత హైడెన్‌హైన్ అయితే వేరే భాషే!

ముందు వెతకాల్సింది సాఫ్ట్‌వేర్ కంపెనీ సొంత లైబ్రరీలో. ఆటోడెస్క్‌వాళ్ళ పోస్టులు ఉచితం, పైగా అవి జావాస్క్రిప్ట్‌లో రాసిన మామూలు ఫైళ్ళు, తెరిచి దిద్దుకోవచ్చు. మాస్టర్‌క్యామ్ అయితే అమ్మిన డీలర్ని అడగాలి. అయితే "ఫ్యానక్" అని పేరున్నంత మాత్రాన మన మెషిన్‌కి సరిపోదు. నాకు అక్కరకొచ్చింది మెషిన్ మాన్యువల్, ఇదివరకు ఆ మెషిన్ మీద సరిగ్గా నడిచిన ఒక పాత ప్రోగ్రామూ. కొత్త కోడ్‌ని దాని పక్కన పెట్టి వరస వరసా పోల్చాను.

మొదటి చిక్కు మెమొరీ. ఆ కాలపు కంట్రోలర్లు మెమొరీని కాగితం టేపు మీటర్లలో చెప్పేవి. 80 మీటర్లంటే సుమారు 32 కిలోబైట్లు, మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక ఫొటోకి కూడా చాలదు. (కాగితమంటే గుర్తొచ్చింది, మనం కూరలు కొనే మిల్ సెంటర్ ఉన్నచోట ఒకప్పుడు పేపర్ మిల్లు ఉండేది.) వరస నంబర్లూ ఖాళీలూ వ్యాఖ్యలూ పోస్ట్‌లోనే తీసేయిస్తే ప్రోగ్రాం పట్టింది.

రెండోది నా కంటపడలేదు. ఇలాంటి పాత ఫ్యానక్‌లో ఎక్స్10 అని రాసి చుక్క పెట్టకపోతే అది 10 మిల్లీమీటర్లు కాదు, 10 మైక్రాన్లు. నేను దిద్దిన పోస్ట్ పూర్ణాంకాల వెనక చుక్క తీసేస్తోంది. జెడ్50 అంటే కట్టర్ 50 మిల్లీమీటర్ల ఎత్తుకి లేవాలి, అదేమో 0.05 దగ్గరే ఆగుతుంది. ఆ పైన పక్కకి వేగంగా కదిలిందంటే క్లాంపుకి గుద్దుకుంటుంది. స్పిండిల్ పాడైతే ఆ వయసు మెషిన్‌కి రిపేరు చేయించే ప్రసక్తే ఉండదు.

అదృష్టం కొద్దీ పెద్దాయన లోహం పెట్టనివ్వలేదు. సున్నాని 100 మిల్లీమీటర్లు పైకి జరిపి, ఒక్కో లైనే నొక్కుతూ గాలిలో నడిపించారు. నాలుగో లైన్‌కే ఆపేసి, "ఇది లేవలేదు, చూశావా?" అన్నారు. నేను తెరకేసి చూస్తున్నాను, ఆయన కట్టర్‌కేసి.

పోస్ట్‌లో ఒక్క సెట్టింగ్ మార్చాను. చుక్కలు తిరిగొచ్చాయి. మళ్ళీ గాలిలో రెండుసార్లు, మైనం దిమ్మ మీద ఒకసారి, ఆ తర్వాతే అల్యూమినియం. శుక్రవారానికి మొదటి ముక్క కొలతకి సరిపోయింది. అమ్మకం మాట యజమాని మళ్ళీ ఎత్తలేదు.

దాన్ని తెలుగులో ఏమంటారని పెద్దాయన అడిగారు, చెప్పాను. ఇప్పుడు నేను కొత్త ప్రోగ్రాం ఇచ్చినప్పుడల్లా స్టార్ట్ బటన్ మీద వేలు పెట్టి, నావైపు తిరిగి, "చుక్కా?" అంటారు.