నష్టం ప్రశ్నలన్నీ ఆడపిల్లలకేనా?

మా ఆడపడుచు కూతురు ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి హైదరాబాద్‌లో జొన్న ఇడ్లీ పిండి, రాగి దోసె పిండి అమ్ముతోంది. కిందటి నెల పెట్టుబడి పెట్టేవాళ్ల ముందుకు వెళ్లొచ్చి, మొహం వేలాడేసుకుని మా ఇంట్లో కూలబడింది.

“ఇరవై నిమిషాలిచ్చారు అత్తయ్యా. పిండి పులిసిపోతే ఏం చేస్తావు, పెద్ద కంపెనీ పోటీకొస్తే ఏం చేస్తావు, పెళ్లయి వెళ్లిపోతే ఏం చేస్తావు... అన్నీ ఇవే. నా తర్వాత వెళ్లిన అబ్బాయినేమో ఐదేళ్లలో ఎన్ని ఊళ్లకి వెళ్తావని అడిగారట!”

“డబ్బిచ్చేవాడు అడగడూ మరి?” అన్నారు మావారు పేపరు వెనకనుంచి. నాకూ మొదట అలాగే అనిపించింది. బ్యాంకుకి అప్పుకోసం వెళితే ఇంతకన్నా ఎక్కువే అడుగుతారు. కానీ ఇది అప్పు కాదు. తేడా అంతా అక్కడే ఉంది.

కొత్త కంపెనీలకి తొలిరోజుల్లో సొంత డబ్బు పెట్టేవాళ్లని ఏంజెల్ ఇన్వెస్టర్లంటారు. పదిమంది డబ్బూ పోగుచేసి పెట్టేవి వెంచర్ ఫండ్లు. మామూలుగా వీళ్లు వడ్డీ అడగరు, ఇంటి కాగితాలు తాకట్టు పెట్టమనరు. వాటా అడుగుతారు. ఇరవై లక్షలిచ్చి పదో వంతు తీసుకున్నారనుకోండి, ఆ డబ్బుతో కలిపి కంపెనీ ఖరీదు రెండు కోట్లని ఒప్పుకున్నట్టు. కంపెనీ మునిగితే ఆ ఇరవై లక్షలూ వాళ్లవే మునుగుతాయి.

పది కంపెనీల్లో పెడితే చాలావరకు పోతాయని వాళ్లకి ముందే తెలుసు. పోయినవాటి నష్టమంతా నిలబడిన ఒకటీ అరా తీర్చాలి. అంచేత చక్కగా నడుస్తూ ఏడాదికి నాలుగు రాళ్లు మిగిల్చే వ్యాపారం వాళ్లకి అక్కర్లేదు. పదింతలు, ఇరవయ్యింతలు పెరిగేది కావాలి. తొలిరోజుల్లో చూడ్డానికి పెద్దగా లెక్కల పుస్తకాలుండవు కనక నడిపే మనుషులెవరు, ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ వస్తున్నారా, కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు అని చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ఇది ఎంత దూరం వెళ్తుంది అన్నది. ఆ మాట చెప్పుకునే టైమే మా పిల్లకి దొరకలేదు. ఉన్న కాస్తా పులిసిన పిండికి పోయింది.

మా పిల్ల ఉడుకుమోత్తనంతో అంటోందేమోనని వెతికితే, అమెరికాలో దీనిమీద పరిశోధనే జరిగింది. న్యూయార్క్‌లో అప్పట్లో ఏటా జరిగిన ఒక స్టార్టప్ పోటీలో ఇన్వెస్టర్లు అడిగిన ప్రశ్నల్ని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లూ మరికొందరూ కలిసి లెక్కగట్టి, 2017లో బయటపెట్టారు. మగవాళ్లని అడిగిన ప్రశ్నల్లో 67 శాతం లాభం గురించీ ఎదుగుదల గురించీ. ఆడవాళ్లని అడిగినవాటిలో 66 శాతం నష్టం గురించీ జాగ్రత్త గురించీ. ఇన్వెస్టర్లలో ఆడవాళ్లు కూడా ఆడవాళ్లని అలాగే అడిగారట! నాకు ఇది చదివాక ఒళ్లు మండింది. మరీ ఆశ్చర్యపోలేదు లెండి. కొడుకు స్కూటరు కొంటే “ఎంతిస్తుంది మైలేజి?” అనీ, కూతురు కొంటే “పడితేనో?” అనీ అడిగేది మనమే కదా.

అందులోనే ఇంకో సంగతి ఉంది. నష్టం ప్రశ్నకి నష్టం జవాబే చెప్పినవాళ్లకి సగటున 5 లక్షల 63 వేల డాలర్లు వస్తే, అదే ప్రశ్నని ఎదుగుదల వైపు తిప్పి జవాబు చెప్పినవాళ్లకి దాదాపు 79 లక్షల డాలర్లు వచ్చాయి. ఒక్క మాటల వల్లే వచ్చాయని నేననను. సరుకూ మంచిదై ఉండాలి. కానీ తేడా మరీ ఇంతుంటే ఆలోచించాలా వద్దా?

ఇడ్లీ పిండికి ఎదుగుదలేమిటంటారా? బెంగళూరులో 2005లో చిన్నగా మొదలైన ఐడీ ఫ్రెష్‌లో 2014లో హీలియన్ అనే ఫండు 35 కోట్లు పెట్టింది. నడిపింది ముస్తఫా, ఆయన అన్నదమ్ముల వరస బంధువులు. అక్కడ పిండి పులవదా?

ఆ రాత్రి నేనే ఇన్వెస్టరునై కూర్చున్నాను. “పిండి పులిస్తే?” అన్నాను. “ప్యాకెట్లు వెనక్కి తీసుకుంటాం” అంది. “అది బ్యాంకుకి చెప్పే జవాబే. మళ్లీ చెప్పు.” కాసేపు ఆలోచించి, “ఇప్పుడు మూడు రోజులు నిలవుంటోంది అత్తయ్యా. మీరిచ్చే డబ్బుతో చల్లటి వ్యాను కొంటే ఆరు రోజులుంటుంది. అప్పుడు వరంగల్, విజయవాడ దుకాణాలకీ వేస్తాం” అంది. మావారు పేపరు దించి చూశారు.

పెద్ద కంపెనీ ప్రశ్నకీ అలాగే ఏదో కుదిరింది. పెళ్లి ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. “భాగస్వాములు ఇంకా ఇద్దరున్నారు, వ్యాపారం ఆగదు” అని చెప్పబోయింది. అదీ నష్టం జవాబే. “ఆ అబ్బాయినీ అడిగారాండీ అంటే?” అన్నాను. “ఇంకేం, తలుపు చూపిస్తారు” అంది.

వచ్చే నెల ఇంకో చోటికి వెళ్తోంది. ఆ ఒక్కదానికీ మాకింకా జవాబు దొరకలేదు.