నలుగురు పడిపోకముందే నాలుగు ఓడారు



పోయిన నెల సమావేశం అయ్యాక హాలు బయట టీ దగ్గర మాటలు హాకీ మీదకు మళ్ళాయి. ఒడిశాలో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళం, నలుగురం చేరితే హాకీ రాకుండా ఉంటుందా! 2023 జనవరి 22న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో మనవాళ్ళు న్యూజిలాండ్ మీద 3–1తో ముందుండి, 3–3 చేసుకుని, చివరికి షూటౌట్‌లో ఓడిపోయిన సంగతి మళ్ళీ బయటకొచ్చింది. ఆ పుండు ఇంకా మానలేదు. ఒక పెద్దాయన తేల్చేశారు: "హార్దిక్ సింగ్‌కి తొడ కండరం పట్టేయకపోతే మనమే గెలిచేవాళ్ళం. దెబ్బ తగిలిన జట్టుని ఏమీ అనకూడదు."

హార్దిక్ లేని లోటు నిజమే. దాన్ని ఎవరూ కాదనరు. కానీ పెనాల్టీ కార్నర్ వచ్చిన ప్రతిసారీ బంతి హర్మన్‌ప్రీత్ దగ్గరికే వెళుతుందని స్టేడియం చివరి మెట్టు మీద కూర్చున్న పిల్లాడికీ తెలిసినప్పుడు, న్యూజిలాండ్ గోల్‌కీపర్‌కి తెలియదా? ఈ మాటే అక్కడ అన్నాం. పెద్దాయనకు నచ్చలేదు. "నీకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్పు" అన్నారు. టీ చల్లారిపోయింది, వర్షం పట్టుకుంది, చెప్పడం కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ఉదాహరణ అమెరికాది. 2017 దసరా ఇక్కడ చేసుకుని, ఆ వెంటనే మేమిద్దరం మా చిన్నవాడి దగ్గరికి న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్ళాం. అక్కడి తెలుగువాళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు, మన సంఘంలోనే ఎన్ని ఇళ్ళ పిల్లలు ఆ చుట్టుపక్కల ఉన్నారో. ఆదివారం మధ్యాహ్నం అయితే చాలు, మావాడు టీవీ ముందు. న్యూయార్క్ జెయింట్స్ వాడి జట్టు. పేరు న్యూయార్క్‌దే అయినా ఆడే మైదానం మాత్రం న్యూజెర్సీలో ఉంది. ఆ ఆట మాకు అసలు తెలియదు. కానీ ఇంట్లో ఒకే టీవీ ఉంటే ఏం చేస్తాం, కూర్చుని నేర్చుకున్నాం.

వాళ్ళు ఫుట్‌బాల్ అంటారు గాని బంతి కాలికి తగిలేది తక్కువే. ఒక్కో వైపు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, లేకపోతే బంతి ఎదుటివాళ్ళది. మన హాకీలా ఆట ఆగకుండా పారదు. ప్రతి ప్రయత్నం ముందు అందరూ ఆగుతారు, వరసలో నిలబడతారు, ఒక పథకం ప్రకారం కదులుతారు. దాన్ని ప్లే అంటారు. ఏ ప్లే ఆడాలో కోచ్ చేతిలోని పెద్ద అట్ట చూసి నిర్ణయిస్తాడు. ఆ మాట రేడియోలో క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోకి వెళుతుంది. క్వార్టర్‌బ్యాక్ బంతిని విసరచ్చు, అప్పుడు రిసీవర్లు పరుగెత్తి పట్టుకోవాలి. లేదా రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టచ్చు, వాడు గుంపులోంచి దూసుకుపోవాలి. టైట్ ఎండ్ అని ఇంకొకడు ఉంటాడు, బరువైన మనిషి, ఎదుటివాళ్ళని అడ్డుకోనూ గలడు, బంతి పట్టనూ గలడు.

ఇక ఎదుటి జట్టు పని ఏమిటంటే, రాబోయేది ఏ ప్లేనో ముందే పసిగట్టడం. కాబట్టి వాళ్ళకు తెలియకుండా ఉంచడం ఈ ఆటలో సగం పని. ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసి ఏం జరగబోతోందో చెప్పగలిగితే, రిసీవర్ ఎంత వేగంగా పరుగెత్తినా అక్కడ వాడికంటే ముందే ఒకడు కాచుకుని ఉంటాడు.

జెయింట్స్‌కి అప్పటి ప్రధాన కోచ్ బెన్ మెకడూ. 2016లో ఆ పదవిలోకి వచ్చాడు, ప్లేలు పిలిచే పని కూడా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ ఏడాది వాళ్ళు ఆడిన ప్లేల్లో పదింట తొమ్మిదికి పైగా ఒకే అమరిక: ఒక రన్నింగ్ బ్యాక్, ఒక టైట్ ఎండ్, ముగ్గురు రిసీవర్లు. లీగ్‌లో ఇంకే జట్టూ ఒకే అమరికను అంతగా పట్టుకుని వేలాడలేదు. ఫలితం? 16 ఆటల్లో 11 గెలిచారు! అందుకే ఆ అమరిక గురించి అడిగినవాళ్ళ గొంతు ఎవరికీ వినపడలేదు. కానీ గెలిపించింది ఎక్కువగా వాళ్ళ డిఫెన్స్. బంతి చేతిలో ఉన్నప్పుడు వాళ్ళ సంగతి చూస్తే, ఆ 16 ఆటల్లో ఒక్కసారి కూడా 30 పాయింట్లు చేరలేదు. రోగం అప్పటికే ఉంది, జ్వరం తెలియలేదంతే.

2017లో తెలిసింది. మొదటి ఆటలో 3 పాయింట్లు, రెండో ఆటలో 10. తర్వాత రెండు ఆటలు ఆఖరి క్షణాల్లో ఎదుటివాళ్ళు కొట్టిన ఫీల్డ్ గోల్స్‌తో పోయాయి, 27–24, 25–23. నాలుగు ఆడితే నాలుగూ ఓటమి.

ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అసలు దెబ్బలు తగిలింది ఆ తర్వాత.

అక్టోబర్ 8, ఆదివారం. సొంత మైదానంలో ఛార్జర్స్‌తో ఆట. మేము అమెరికా వెళ్ళాక పూర్తిగా చూసిన మొదటి ఆట అదే. డ్వేన్ హారిస్ పాదం ఎముక విరిగింది. బ్రాండన్ మార్షల్ చీలమండ పోయింది. స్టెర్లింగ్ షెపర్డ్ చీలమండ మెలిపడింది. చివరికి వాళ్ళ జట్టులో మణి లాంటివాడు ఓడెల్ బెకమ్ జూనియర్ గాలిలోకి ఎగిరి కింద పడేసరికి కాలు మడతపడి చీలమండ ఎముక విరిగింది. బండి మీద బయటికి తీసుకెళుతుంటే ఏడుస్తున్నాడు. ఒకే మధ్యాహ్నం నలుగురు రిసీవర్లు! అలాంటిది చూస్తే ఆట తెలియనివాళ్ళకైనా కడుపులో దేవుతుంది. మా ఇంటావిడ "ఇక కట్టెయ్యరా ఆ టీవీ" అంది. ఆట 27–22తో పోయింది. అయిదింట అయిదు.

ఆ రోజే మేము ఇంకో సంగతి కూడా చూశాం. మా మనవడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. రెండో భాగం మొదలయ్యేసరికి వాడు ప్రతి ప్లే ముందు అరవడం మొదలుపెట్టాడు: "ఇప్పుడు చిన్న పాస్, పక్కకి!" పదిసార్లలో ఏడెనిమిది సార్లు అదే జరిగింది. ఇది మా ఇంటి సోఫా లెక్క, దీన్ని ఎక్కడా ప్రమాణంగా చూపించకండి. కానీ ఎనిమిదేళ్ళవాడు చెప్పగలిగినదాన్ని, జీతం తీసుకుని వారమంతా వీడియోలు చూసే ఎదుటి కోచ్ చెప్పలేడా? ఆ చిన్న పాస్‌లకి ఒక కారణం ఉంది, అదీ చెప్పాలి. ముందు వరసలో నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడేవాళ్ళు ఆ ఏడు బలహీనంగా ఉన్నారు. ఈలై మానింగ్ బంతిని చేతిలో ఎక్కువసేపు ఉంచుకుంటే నేలకూలుస్తారు, కాబట్టి వెంటనే విసిరేయాలి. సరే. కానీ ఆ సంగతి ఎదుటివాళ్ళకీ తెలుసు కదా. ఇంకో టైట్ ఎండ్‌ని తెచ్చి కాపలా పెంచచ్చు, పరుగు కలపచ్చు. అయిదు ఆటల పాటు ఆ అట్ట పెద్దగా మారలేదు.

తర్వాతి ఆదివారం, అక్టోబర్ 15 రాత్రి, డెన్వర్‌లో ఆట. బ్రాంకోస్ అప్పటికి నాలుగింట మూడు గెలిచి, ముందు వారమంతా విశ్రాంతి తీసుకుని కూర్చున్న జట్టు. పత్రికలు, టీవీలు, మావాడి స్నేహితులు, అందరిదీ ఒకటే మాట, జెయింట్స్ నలిగిపోతారని. మావాడు బజ్జీలు కూడా వద్దన్నాడు.

ఆ వారం రెండు మార్పులు జరిగాయి. మెకడూ ప్లేలు పిలిచే పనిని తన కోఆర్డినేటర్ మైక్ సల్లివన్‌కి వదిలాడు. ముగ్గురు రిసీవర్లని నిలబెట్టడానికి పేరున్న ముగ్గురు లేరు కాబట్టి ఆ పాత అమరికా కదిలింది. టైట్ ఎండ్‌లు ఇద్దరేసి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువమంది వచ్చారు. రన్నింగ్ బ్యాక్ ఓర్లియన్స్ డార్క్వా 117 గజాలు పరుగెత్తాడు. మానింగ్ ఆ రాత్రంతా విసిరింది 19 సార్లే. అప్పుడే లీగ్‌లోకి వచ్చిన టైట్ ఎండ్ ఎవన్ ఇంగ్రమ్ ఒక టచ్‌డౌన్ చేశాడు. డిఫెన్స్ నుంచి జనోరిస్ జెంకిన్స్ ఎదుటివాళ్ళ పాస్ పట్టేసి నేరుగా వెళ్ళి ఇంకోటి చేశాడు. 23–10. జెయింట్స్ గెలిచారు.

రిసీవర్లుగా ఆడింది ఎవరు? రోజర్ లూయిస్, టవారిస్ కింగ్, ట్రావిస్ రూడాల్ఫ్ లాంటివాళ్ళు. వీళ్ళలో లూయిస్‌నీ రూడాల్ఫ్‌నీ డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోలేదు. 117 గజాలు పరుగెత్తిన డార్క్వాది కూడా అదే కథ. నలుగురు పెద్దలు మంచాన పడితే, పంక్తి చివర కూర్చునేవాళ్ళు వచ్చి పెళ్ళి జరిపించినట్టయింది. ఇదే మేము పెద్దాయనకు చెప్పాలనుకున్నది. దెబ్బలే కారణమైతే, నలుగురూ ఉండగా నాలుగు ఓడి, నలుగురూ పోయాక ఒకటి గెలవడం ఎలా? మొదటి ఆటకి బెకమ్ లేడు, ఒప్పుకుంటాం. మిగతా మూడింటికీ ఉన్నాడు కదా.

ఇక్కడ మావాడు మమ్మల్ని అప్పుడే నిలదీశాడు, మీరూ నిలదీస్తారు. "ఒక్క గెలుపు పట్టుకుని ఇంత మాటా? మరి ఆ తర్వాత?" నిజమే. తర్వాతి ఆటలో సియాటెల్ మీద 7 పాయింట్లే, 24–7తో ఓడారు. నవంబర్ 5న రామ్స్ చేతిలో 51–17. ఆ పక్క వారం, అప్పటిదాకా ఒక్కటీ గెలవని శాన్‌ఫ్రాన్సిస్కో చేతిలో కూడా ఓడారు. అమరిక మారిస్తే చాలు, మనుషులు లేకపోయినా గెలిచేయచ్చు అని మేము అనడం లేదు. అది కూడా అబద్ధమే. డెన్వర్ సిద్ధపడి వచ్చింది పాత జెయింట్స్ కోసం, ఎదురైంది వేరే జట్టు. సియాటెల్‌కి ఆ కొత్త రూపాన్ని చూసుకోవడానికి వారం దొరికింది. అప్పుడు ఇంకో మార్పు కావాలి, దానికి సరుకు కావాలి, ఆ సరుకుని వేసవి నుంచే తయారు చేసుకుని ఉండాలి. వాళ్ళు ఏడాదిన్నరగా ఒకే కూర వండుకుంటూ వచ్చారు.

ఇంకో సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. ఒకే ప్లే పదే పదే ఆడటం దానంతట అది నేరం కాదు. విన్స్ లొంబార్డీ 1960లలో గ్రీన్ బే జట్టుకి అయిదు లీగ్ టైటిళ్ళు గెలిపించాడు. ఆయన పవర్ స్వీప్ వస్తుందని దేశమంతటికీ తెలుసు, అయినా ఆపలేకపోయేవారు. ఇప్పుడు సూపర్ బౌల్ గెలిస్తే ఇచ్చే ట్రోఫీది ఆయన పేరే. తమాషా ఏమిటంటే, ఆయన అంతకుముందు ఇదే జెయింట్స్‌లో సహాయ కోచ్‌గా చేశాడు. ఆయన ముందు వరస ఆ ఒక్క పనిని ప్రపంచంలో అందరికంటే బాగా చేసేది కాబట్టి ఎదుటివాడికి తెలిసినా ఫరవాలేదు. మెకడూకి ముందు వరసే బలహీనం. దాచుకోవాల్సినవాడు దాచుకోలేదు, అదీ మా ఫిర్యాదు.

మమ్మల్ని అన్నిటికంటే బాధపెట్టింది నవంబర్ 28న జరిగినది. ఈలై మానింగ్‌ని పక్కన కూర్చోబెట్టారు. 2004 నుంచి ఒక్క ఆటా వదలకుండా వరసగా 210 ఆటలు మొదలుపెట్టిన మనిషి. ఆ జట్టుకి రెండు సూపర్ బౌల్‌లు తెచ్చినవాడు. ఆ ఏడు గొప్పగా ఆడాడని మేము అనం. కానీ బంతి పట్టేవాళ్ళు ఆసుపత్రుల్లో ఉంటే, కాపాడేవాళ్ళు నిలబడలేకపోతే, ఏ ప్లే ఆడాలో చెవిలో వేరేవాళ్ళు చెబుతుంటే, తప్పంతా విసిరేవాడిదా? మావాడు ఆ రోజు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నాడు. మా ఇంటావిడకి ఆట నచ్చదు గాని మానింగ్ నచ్చుతాడు. "పాపం, ఒక్క మాట ఎదురనలేదు చూడు" అంది. డిసెంబర్ 3న ఓక్లండ్‌లో అతను లేకుండా ఆడారు, 24–17తో ఓడారు. మర్నాడే మెకడూనీ జనరల్ మేనేజర్ జెర్రీ రీస్‌నీ తీసేశారు.

దెబ్బల మాట అందరికీ ఎందుకంత ఇష్టమో ఆ శీతాకాలం మాకు అర్థమైంది. విరిగిన చీలమండని అడగడానికి ఏమీ ఉండదు. అది దైవికం, చెప్పి ఊరుకోవచ్చు. అట్ట పట్టుకున్నవాడిని అడగాలంటే, ఎందుకు ఒకటే ఆడావు, ఎవరిని తయారు చేశావు, గెలుస్తున్నప్పుడే ఎందుకు చూసుకోలేదు అని చాలా అడగాలి. అక్కడైనా, కళింగ స్టేడియంలోనైనా అంతే. మెకడూ పోయాక కూడా మావాడి స్నేహితులు ఎడిసన్‌లో పొట్‌లక్ దగ్గర "బెకమ్ ఉండుంటే" అనడం మానలేదు. పెద్దాయనా, మీరు "హార్దిక్ ఉండుంటే" అన్నప్పుడు మాకు వాళ్ళే గుర్తొచ్చారు. కోపం తెచ్చుకోకండి.

స్పాన్యూలో అని డిఫెన్స్ చూసుకునే కోచ్‌ని తాత్కాలికంగా పైన పెట్టారు. ఆయన డిసెంబర్ 10న మానింగ్‌ని మళ్ళీ మైదానంలోకి దింపాడు. డల్లస్ మీద 30–10తో ఓడారు. ఆ ఏడాది మొత్తం మీద గెలిచినవి మూడు, ఓడినవి పదమూడు. సంక్రాంతికి మేము బరంపురం వచ్చేశాం. మా మనవడు ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు, "తాతా, నేను చెప్పిన ప్లేలు కరెక్టే కదా?" అని. కరెక్టేరా అనేవాళ్ళం.