అసంతృప్తము, అసంపృక్తము: ఒక పారిభాషిక పద విచారము

ఖరగ్‌పూరు రైల్వే పట్టణమున తెలుగు కుటుంబములు తరతరములుగా నున్నవి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున పనికై వచ్చినవారి సంతతి వీరిలో పెక్కురు. ఇటీవల నట్టి యొక యింట, బంగాళీ మాధ్యమమున చదువుకొను బాలుడు తన రసాయన శాస్త్రపు లెక్క నా ముందుంచెను. ఇథిలీను అణువునకు లూయిస్ నిర్మాణము గీయవలెను. అతడు కర్బన పరమాణువుల నడుమ నొకే బంధము గీచి, ఒక్కొక్క కర్బనముపై నొంటరి చుక్క నొకటి విడిచెను. పుస్తకములోని అసంపృక్త శబ్దము బోధపడక తాతగారి నడిగెనట. ఆయన మన పాఠ్యపుస్తకములలోని అసంతృప్త శబ్దమును చెప్పిరట. "తృప్తి లేనిదనే కదండీ అర్థము? అందుకే చుక్కలు మిగిల్చితిని" అనెను. బాలుని తర్కము నిర్దుష్టము. పదమే వానిని దారి తప్పించినది.

నేను రసాయన శాస్త్రజ్ఞుడను గాను. ఐనను చుక్కలు లెక్కించుటకు పాండిత్య మక్కఱలేదు. 1916లో జి. ఎన్. లూయిస్ ప్రతిపాదించిన భావము ననుసరించి, పరమాణువులు ఎలక్ట్రానుల జంటలను పంచుకొని బంధము లేర్పఱచుకొనును. కర్బనమునకు బంధములకు పనికివచ్చు ఎలక్ట్రానులు 4, ఉదజనికి 1. ఇథిలీనులో రెండు కర్బనములు, నాలుగు ఉదజనులు. మొత్తము 12 ఎలక్ట్రానులు, అనగా 6 జంటలు. నాలుగు జంటలు ఉదజనులకు పోగా మిగిలిన రెండును కర్బనముల నడుమ నుండవలెను. అప్పుడు ప్రతి కర్బనము చుట్టును 8 నిండును. ఎసిటిలీనులో 10 ఎలక్ట్రానులు, 5 జంటలు. రెండు ఉదజనులకు, మూడు కర్బనముల నడుమ. ఇందు తృప్తి లేని కర్బన మెక్కడ? ఈథేనునకు 7 జంటలు గలవు. రెండేసి ఉదజనులు తగ్గిన కొలది నొక జంట తగ్గినది, అంతే. తగిన పరిస్థితులలో ఆ ఉదజనిని మరల చేర్చుకొనగలదనియే అసంతృప్త శబ్దమున కిచట నర్థము.

చిత్రమేమనగా మన పదము మూలమునకు మిక్కిలి విధేయము. ఆంగ్ల పదమునకు ఆధారమైన లాటిను శబ్దమునకు నిండినది, కడుపు నిండినది యనియే యర్థము. బంగాళీ పదము మఱియు విపరీతము. సంస్కృతమున సంపృక్త మనగా కూడినది. రెండు మూడు బంధములతో గట్టిగా కూడియున్న కర్బనములకు కూడనివని పేరు! తమిళుల 'నిఱైవుఱా' యనగా నిండనిది. అష్టకము నుద్దేశించి చదివినచో నదియు చిక్కే.

కావున పదమును మార్చవలెనని కొందఱనవచ్చును. నే నొప్పుకొనను. పాఠ్యగ్రంథములలో నాటుకొనిన పదమును పెకలించిన, పాత పుస్తకము చదివినవాడు క్రొత్త పుస్తకమునకు పరాయివాడగును. దోషము మన పదకోశముల పద్ధతిలో నున్నది. ఆంగ్లపద మొక ప్రక్క, దేశీయపద మొక ప్రక్క వ్రాసి చేతులు దులుపుకొనుచున్నాము. దేనితో నిండలేదో ఒక్క వాక్యము చేర్చుటకు కాగితము కఱవా? పాఠములోను నిర్మాణము ముందు గీయించి, పేరు పిదప చెప్పవలెను. మూడు కర్బనములు, నాలుగు ఉదజనులు గల అణువునే చూడుడు. ఆ 8 జంటలను రెండు ద్విబంధములుగా నమర్పవచ్చును, ఒక త్రిబంధముగా నమర్పవచ్చును. రెండును నిజముగా నున్న పదార్థములే. ఆ భేదమును ఏ పేరు చెప్పగలదు?

ఆ బాలునిచే చుక్కలు జంటలుగా లెక్కింపజేసితిని. ఎసిటిలీనును తానే గీచి, కాగితము తండ్రి వైపు త్రిప్పి యడిగెను: "నాన్నా, మీ కార్ఖానాలో ఇనుము కోసే గ్యాసు ఇదేనా?"