వెలుతురు చేరవలసిన చోటు

మెరుపు గాలిని వేడెక్కించినందుననే ఉరుము పుట్టునని మన పిల్లలు చదివియున్నారు. లేసరు మెరుపును దేహముపై ప్రసరింపజేసినచో రక్తమును అట్లే రవ్వంత వేడెక్కి, వ్యాకోచించి, చెవికందని ధ్వనిని వెలువరించును. దానితో రక్తనాళముల చిత్రము తీయుదురు. కాంతివలన ధ్వని పుట్టుటను గ్రాహంబెల్ 1880లోనే కనుగొనెను.

చేతిపరికరమున చిక్కొకటి కలదు. ధ్వనిని గ్రహించు భాగము నడుమ అడ్డుండుటచే వెలుతురు ప్రక్కలనుండి ఏటవాలుగా పోవలెను. హెచ్చు కాంతిని పంపుదమన్న చర్మమునకు హద్దు కలదు: కంటికగపడు కాంతి మెరుపు మెరుపునకు చదరపు సెంటీమీటరున 20 మిల్లీజౌళ్లు మించరాదు. కనుక కాంతితంతువుల కోణము సవరింపవలెను, లేదా గ్రాహకమునే పారదర్శకముగా చేయవలెను.

ఇవి చాలవని మా అభిప్రాయము. నల్లని చర్మమందలి మెలనిన్ వెలుతురును పైననే మ్రింగివేయును. తెల్లనివారిపై మాత్రమే సరిచూచిన యంత్రము మన బిడ్డ చేతిపై మసకబారినచో తప్పు చేతిది కాదు. మా వన్నెపై పరీక్షించితిరా యని కొనుటకు ముందే అడుగవలెను.